కథల పోటీలు – మన విద్యార్థులు

సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి తెలుగు పత్రికలు కథల పోటీలు ప్రకటించడం చిరకాలంగా వస్తున్న ఆచారం. మన కళాశాలలో కథలు వ్రాసేవారు లేకపోలేదు, పంపేవారే అరుదు. ఇందుకు మాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. తమ జీవితం కథకు తగినది కాదనే సంకోచం మొదటిది. పంపే పద్ధతి తెలియకపోవడం రెండవది.

మొదటి సంకోచానికి సాహిత్యచరిత్రే సమాధానం. గురజాడ అప్పారావు 1862లో జన్మించిన ఎస్. రాయవరం నేడు మన అనకాపల్లి జిల్లాలోనిదే. 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన ఆయన 'దిద్దుబాటు'కు ఒక ఇంటిలోని భార్యాభర్తల సంగతే వస్తువు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'కు ద్వితీయ బహుమతి లభించింది. ఆయన కాకినాడలో రసాయనశాస్త్రం బోధించిన అధ్యాపకులు. ఆ కథలో ఉన్నవి ఒక రైలు ప్రయాణం, ఒక తుఫాను రాత్రి, నియమబద్ధుడైన ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె. అంతకు మించిన సామగ్రి అవసరం కాలేదు. ముస్లిం కుటుంబాల జీవితాన్ని చిత్రించిన వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

మరి మన పరవాడకు ఏమి కొరత? ముత్యాలమ్మపాలెం తీరాన వలలు బాగుచేసుకునే మత్స్యకారులున్నారు. సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. ఫార్మాసిటీ, దాని పొరుగున తాడి గ్రామం ఉన్నాయి. భూమి నిచ్చిన రైతు, అదే భూమిలో లేచిన కర్మాగారం గేటు వద్ద ఉద్యోగానికై నిలిచిన అతని కుమారుడు, ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే బాలిక – వీరి కథలు మనం వ్రాయకపోతే, ఎన్నడూ వ్రాయబడకనే పోవచ్చును.

ఇక పద్ధతి. ముందుగా ప్రకటనను ఆసాంతం చదవాలి. గడువు తేదీ, నిడివి, ఇతివృత్త నిబంధనలను విడిగా వ్రాసుకోవాలి. నిడివి మించిన కథ ఎంత మంచిదైనా పరిశీలనకు రాకపోవచ్చును. పేరు, చిరునామా, హామీపత్రం వేరు కాగితంపై ఉండాలి. కథ పుటలపై పేరు వ్రాయరాదని అనేక పోటీల నియమం. న్యాయనిర్ణేతలు వ్యక్తిని గాక రచనను చూడాలన్నదే దాని ఉద్దేశం. ఈ-మెయిలులో పంపేవారు పత్రిక కోరిన అక్షరరూపంలోనే టైపు చేయించాలి. ఒక ప్రతిని తప్పక దగ్గర ఉంచుకోవాలి. ఉర్దూ అఫ్సానాను తెలుగులోకి మార్చి స్వంతమని పంపడం గాని, యంత్రం చేత వ్రాయించి సంతకం పెట్టడం గాని స్వీయరచన కానేరదు.

హామీపత్రం లాంఛనం కాదు. విద్యార్థి దశలో మేము ఒకే కథను రెండు పత్రికలకు పంపినాము. ఒకదానిలో బహుమతికి ఎంపికయిన వారమే రెండవదానిలో అది అచ్చయినది. బహుమతి రద్దయినది. దోషం పూర్తిగా మాదే. ఆ సంపాదకులకు మరల కథ పంపడానికి మాకు చాలా ఏళ్ళు ముఖం చెల్లలేదు.

బహుమతి రానంత మాత్రాన కథ వృథా కాదు. సాధారణ ప్రచురణకు స్వీకరింపబడే కథలు అనేకం. తిరిగి వచ్చిన కథను నెల దినాలు ప్రక్కన ఉంచి, బిగ్గరగా చదివి చూస్తే లోపం చెవికే తెలుస్తుంది. వీలైనవారు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయాన్ని దర్శించాలి. మన ముందువారు ఎంత వ్రాసినారో అక్కడ తెలుస్తుంది.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఒక్కటే. పోటీ ప్రకటనలను గ్రంథాలయ ఫలకంపై అంటించి, గడువుకు పక్షం రోజుల ముందు ఒక కథాపఠన సభ జరిపించండి. విద్యార్థి మిత్రులారా! వచ్చే సంచికలో మీ బహుమతుల జాబితా లేకున్నా సరే. మీరు పంపిన కథల జాబితా ఉండాలని మా కోరిక.