పులి కనిపించిందంటే ముందు కొలవాలి: వింత పులుల వార్తల నుంచి రైతు నేర్చుకోవాల్సిన పాఠం

ఈసారి పాఠం జీవామృతం గురించో, విత్తన శుద్ధి గురించో కాదు. పులి గురించి. ప్రకృతి వ్యవసాయానికీ పులికీ ఏంటి సంబంధం అంటారా? మన సేద్యం నిలబడేది దేశీ ఆవు మీద. ఆ ఆవును చాలామందిమి పొలంలోనే పాక వేసి కట్టేస్తాం. నేల ఎప్పుడూ కప్పి ఉండాలని దట్టంగా పంటలు వేస్తాం, గట్ల మీద చెట్లు, చుట్టూ జీవ కంచె పెంచుతాం. అంటే మాంసం తినే జంతువుకు కావాల్సిన చాటూ, ఆహారమూ రెండూ మన పొలంలోనే ఉన్నాయి. అందుకే "పులి వచ్చిందంట" అనే మాట వినగానే అది నిజమా, పుకారా అని తేల్చుకునే పద్ధతి మనకు తెలిసి ఉండాలి. అడుగుజాడ కొలిచే తీరు వీడియోలో చూపించాను. ఎందుకు కొలవాలో ఇక్కడ వివరంగా చెప్తాను.

నమ్మినా నష్టమే, నమ్మకపోయినా నష్టమే

ప్రతి పుకారునూ నమ్మితే ఏమవుతుంది? కూలీలు రారు, పత్తి చేను మీదే రాలిపోతుంది, రాత్రి నీళ్లు పెట్టేవాళ్లు ఉండరు. భయంతో ఎవరో ఒకరు కంచెకు కరెంటు తీగ కలుపుతారు. ఆ తీగకు పులి కంటే ముందు పక్క పొలం మనిషే తగులుతాడు.

పోనీ ఏదీ నమ్మకుండా ఉందామా? కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరులో పులి దాడుల్లో ఒక యువకుడు, ఒక అమ్మాయి చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది. ఇవి పుకార్లు కావు. "నాన్నా పులి" కథలో చివరికి పులి నిజంగానే వచ్చింది కదా! ఆ కథలో ఊరికి లేనిదల్లా నిజానికీ అబద్ధానికీ తేడా తేల్చే పద్ధతి.

ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ పులి?

మన భాషలోనే ఒక చిక్కు ఉంది. పెద్దపులినీ పులి అంటాం, చిరుతపులినీ పులి అంటాం. కొన్ని ఊళ్లలో దుమ్ములగొండి కనిపించినా పులే అంటారు. టీవీల్లో చిరుతకూ చీతాకూ తేడా లేకుండా చెప్పేస్తుంటారు. మన దేశంలో చీతా అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8 చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలారు. మన పల్లెల్లో కనిపించే మచ్చల పులి చిరుతపులే, చీతా కాదు.

మరి నల్లపులి? అది వేరే జాతి కాదు. చర్మంలో నల్ల రంగు ఎక్కువైన చిరుతపులే. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ జన్యువు ఉంటేనే నల్లపిల్ల పుడుతుంది. ఎండలో దగ్గరగా చూస్తే నలుపు కింద మచ్చలు కనిపిస్తాయి. ఒడిశాలోని సిమిలిపాల్‌లో నల్లగా కనిపించే పెద్దపులులు ఉన్నాయి. అవి కూడా పూర్తి నలుపు కాదు, చారలు వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోయి అలా కనిపిస్తాయి. దీనికి కారణమైన జన్యువు ఏదో 2021లో మన దేశ శాస్త్రవేత్తలే తేల్చారు. కాబట్టి నల్లపులి అనగానే అబద్ధం అనక్కర్లేదు, అలాగని దూరం నుంచి నల్లగా కనిపించిన ప్రతిదీ నల్లపులీ కాదు. మసక వెలుతురులో అన్ని రంగులూ నలుపే.

ఇంగ్లండు రైతుల అనుభవం

ఈ విషయంలో మనకు బాగా పనికొచ్చే పాఠం ఇంగ్లండులో ఉంది. అక్కడి అడవుల్లో చిరుతలు, ప్యూమాలు లేవు. అయినా పెద్ద నల్ల పిల్లిని చూశామని పల్లెల్లో ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు. 1976లో ప్రమాదకరమైన అడవి జంతువులను పెంచుకోవాలంటే లైసెన్సు ఉండాలని చట్టం వచ్చింది. అప్పుడు కొందరు పెంపుడు జంతువులను బయట వదిలేశారని జనం అనుకుంటారు.

1983లో ఎక్స్‌మూర్ ప్రాంతంలో ఒక రైతు మూడు నెలల్లో వందకు పైగా గొర్రెలు పోయాయని చెప్పాడు. ప్రభుత్వం రాయల్ మెరైన్ సైనికులను దించింది. తుపాకులతో కాపలా కాశారు కానీ ఏ జంతువూ చిక్కలేదు.

తర్వాత బాడ్మిన్ మూర్ అనే చోట ఇదే గోల. 1995లో అక్కడి వ్యవసాయ మంత్రిత్వ శాఖ విచారణ చేయించింది. వాళ్లు చేసిన పని చాలా సింపుల్. జంతువు వీడియోలో ఎక్కడ కనిపించిందో అక్కడికే వెళ్లి, అదే చోట కొలత కర్ర నిలబెట్టి చూశారు. వీడియోలో భయంకరంగా కనిపించినది ఇంటి పిల్లి సైజుకు దిగిపోయింది. పెద్ద పిల్లి ఉందనడానికి నిర్ధారించగల ఆధారం దొరకలేదని నివేదిక ఇచ్చారు. అసలు లేనే లేదని రుజువు చేయడం కూడా కుదరదని అందులోనే రాశారు.

నివేదిక వచ్చిన కొద్ది రోజులకే ఫోవీ నదిలో ఒక పిల్లాడికి చిరుత పుర్రె దొరికింది. ఇంకేముంది, రుజువైపోయింది అనుకున్నారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు పరీక్షిస్తే అది నిజంగా చిరుత పుర్రే. కానీ దాని మీద కత్తి గాట్లు ఉన్నాయి, లోపల ఉష్ణ దేశాల బొద్దింక గుడ్ల సంచి ఉంది. ఎక్కడో వేడి దేశం నుంచి వచ్చిన చిరుత చర్మపు తివాచీకి ఉన్న తల అది.

అలాగని అక్కడ చెప్పినవన్నీ అబద్ధాలా? కాదు. 1980లో స్కాట్లాండులో కానిచ్ ఊరి దగ్గర ఒక రైతు పెట్టిన బోనులో నిజంగానే ప్యూమా పడింది. అది మనుషులకు బాగా అలవాటైన జంతువు. 2001లో లండన్ నగరంలోనే ఒక లింక్స్‌ను పట్టుకున్నారు. అంటే చాలా వార్తలు పొరపాట్లు, కొన్ని నిజాలు. రెండింటినీ విడదీసింది గొంతు పెద్దగా ఉన్నవాడు కాదు, కొలత కర్ర, బోను, ప్రయోగశాల.

మన దగ్గర లెక్క వేరు

ఇంగ్లండులో చిరుత ఉండటమే వింత. మన దగ్గర అది వింత కాదు. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో చెరకు తోటల మధ్య విద్యా ఆత్రేయ బృందం కెమెరాలు పెట్టి చూస్తే 100 చదరపు కిలోమీటర్లకు దాదాపు 5 పెద్ద చిరుతలు ఉన్నట్టు తేలింది. వాటి ఆహారంలో పెద్ద వాటా ఊర కుక్కలదే. జనం మధ్యే ఉంటూ జనానికి కనపడకుండా బతుకుతున్నాయి.

పెద్దపులి కూడా దారి తప్పి ఊళ్ల దగ్గరికి రావచ్చు. 2022 మే, జూన్ నెలల్లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల పెద్దపులి తిరిగింది. పశువులను చంపింది. మొదట్లో నమ్మని వాళ్లున్నారు. అడుగుజాడలు, కెమెరా ఫోటోలు వచ్చాక సందేహం పోయింది.

అడుగుజాడ ఎలా చదవాలి?

1. గోళ్లు చూడండి. పులి, చిరుత, పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, జాడలో సాధారణంగా పడవు. కుక్క, తోడేలు, దుమ్ములగొండి జాడల్లో గోళ్ల గుర్తులు పడతాయి.

2. మడమ దిండు చూడండి. పిల్లి జాతిలో దిండు వెనక అంచు మూడు వంపులుగా ఉంటుంది. వేళ్లు కొంచెం పక్కకు ఒరిగినట్టుంటాయి. కుక్క జాడ ఎడమ, కుడి సమానంగా ఉంటుంది.

3. వెడల్పు కొలవండి. అడవి పిల్లి జాడ 4, 5 సెంటీమీటర్లు. చిరుతది సుమారు 7 నుంచి 9. ఎదిగిన పెద్దపులిది 12 పైన. పులి పిల్ల జాడ చిరుత జాడంత ఉండొచ్చు. బురదలో జాడ వ్యాపించి పెద్దదవుతుంది. అందుకే ఒక్క జాడ చూసి తీర్పు చెప్పొద్దు, వరసగా నాలుగైదు కొలవండి.

4. ఫోటో నిట్టనిలువుగా పైనుంచి తీయండి. పక్కన టేపు పెట్టండి, లేకపోతే అగ్గిపెట్టె పెట్టండి. తర్వాత అటవీ సిబ్బంది వచ్చేదాకా జాడ మీద గంపో, బాండీయో బోర్లించండి.

ఆచ్ఛాదన వేసిన మడిలో జాడ పడదు కదా? దానికి పాక దారిలో, పొలం ప్రవేశం దగ్గర ఒక మీటరు వెడల్పున జల్లెడ పట్టిన మెత్తటి మట్టి పరచండి. సాయంత్రం చీపురుతో సమం చేసి, పొద్దున చూడండి. ఖర్చు లేని సీసీ కెమెరా ఇది.

ఎవరైనా ఫోన్‌లో వీడియో తీస్తే బాడ్మిన్ పద్ధతి పాటించండి. అడుగు అడుగుకూ రంగు గీతలు వేసిన కర్రను జంతువు కనిపించిన చోటే పగటిపూట నిలబెట్టండి. మొదట వీడియో తీసిన చోటు నుంచే మళ్లీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎత్తు తెలిసిపోతుంది. పది మంది కలిసి వెళ్లండి, ఒక్కరే వద్దు.

పశువు చనిపోతే

చిరుత, పులి ఎక్కువగా గొంతు పట్టి చంపుతాయి, కళేబరాన్ని చాటుకు ఈడ్చుకుపోతాయి. పెద్దపులి తరచుగా తొడల వెనక నుంచి తినడం మొదలుపెడుతుంది. ఊర కుక్కలైతే కాళ్లు, తొడలు, పొట్ట ఎక్కడపడితే అక్కడ చీల్చి ఉంటాయి.

కళేబరాన్ని కదిలించకండి, పూడ్చకండి. ఫోటోలు తీసి, వెంటనే అటవీ బీట్ అధికారికి, పశువైద్యుడికి చెప్పండి. రెండు రాష్ట్రాల్లోనూ పశు నష్టానికి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, కానీ ఏ జంతువు చంపిందో తేలాలి. ఆలస్యమైతే ఆధారం పోతుంది.

కోపంలో కళేబరానికి మాత్రం విషం పూయొద్దు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ ప్రాంతంలో రెండు పులులు చనిపోయి దొరికాయి. కళేబరానికి విషం పూసిన కేసులో అరెస్టులు జరిగాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి, చిరుత రెండూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ విషం కుక్కలకు, గద్దలకు, కాకులకు పోతుంది. మట్టిలో వానపాము కూడా చావకూడదని మందులు మానేసిన మనం ఆ పని చేయగలమా?

ఈ వారం చేయాల్సిన పనులు

పాకకు నాలుగు వైపులా గట్టి జాలీ, తలుపు, పైకప్పు ఉండాలి. చిరుత గోడ ఎక్కుతుంది, కాబట్టి పైభాగం తెరిచి ఉంచితే కింద ఎంత గట్టిగా కట్టినా లాభం లేదు. దూడలు, మేకలు ముందు లోపలికి. పాక చుట్టూ పది అడుగుల మేర చాటు లేకుండా శుభ్రం చేయండి. భయపడి జీవ కంచె మొత్తం నరికేయొద్దు. చచ్చిన కోళ్లను దూరంగా లోతుగా పూడ్చండి, లేకపోతే కుక్కలు వస్తాయి, కుక్కల వెనక చిరుత వస్తుంది.

రాత్రి మోటారు దగ్గరికి ఇద్దరు వెళ్లండి, టార్చి వేసుకుని మాట్లాడుకుంటూ నడవండి. పత్తి, కలుపు పనుల్లో వంగి ఉంటాం కాబట్టి గుంపుగా ఉండండి, ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి. పిల్లలను చీకట్లో ఒంటరిగా బహిర్భూమికి పంపొద్దు. జంతువు నిజంగా కనిపిస్తే చుట్టుముట్టొద్దు, దానికి పారిపోయే దారి వదిలేయండి. దారి లేని చిరుతే మీద పడుతుంది.

ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, చోటు, జాడ వెడల్పు, చూసినవాళ్ల పేరు రాసి పెట్టండి. మీ ఊరి రైతులంతా ఒకే పుస్తకంలో రాస్తే ఇంకా మంచిది. "పులి వచ్చిందంట" అని అటవీ ఆఫీసుకు ఫోన్ చేయడానికీ, "ఎనిమిది సెంటీమీటర్ల జాడ, గోళ్లు లేవు, వరసగా ఐదు ఉన్నాయి, ఫోటో పంపాను" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. రెండో ఫోనుకు కెమెరా, బోను తొందరగా వస్తాయి.