డీజిల్‌లో కానుగ నూనె

పిల్లలూ! మీరు ఉంటున్న అవాలి చమురు వల్ల వెలసిన ఊరు. 1932లో జబల్ దుఖాన్ కొండ దగ్గర నూనె పడింది. గల్ఫ్‌కు అరబ్బుల వైపున దొరికిన మొదటి చమురు అదే. ఆ కంపెనీ ఉద్యోగుల కోసం ఈ ఊరు కట్టారు. 1936 నుండి బహ్రెయిన్‌లోని శుద్ధి కర్మాగారంలో ముడి చమురును కాచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వేరు చేస్తున్నారు. లారీలూ బస్సులూ ఎక్కువగా డీజిల్‌తోనే నడుస్తాయి. మరి, చెట్టు గింజల నూనెతో నడవవా?

నడుస్తాయి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపారు. అది చూచిన వారిలో చాలామందికి ఆ సంగతే తెలియలేదట!

అయితే గానుగలో ఆడిన నూనెను అలాగే పోస్తే కొంతకాలానికి ఇంజను పాడవుతుంది. ఎందుకో చూడండి. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కగా ఆ గాలి మండిపోయేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను మంచుతుంపరలా చిమ్ముతారు. వెంటనే అది అంటుకొంటుంది. మన ఊళ్ళలో నీడకూ, పచ్చిరొట్టకూ పెంచే కానుగ చెట్టు నూనె డీజిల్ కంటే పదింతలకు పైగా చిక్కన. తుంపర సన్నగా రాదు, పూర్తిగా కాలదు. మసి పేరుకొని పిస్టన్ రింగులు బిగుసుకుపోతాయి.

దీనికి రసాయనశాస్త్రం ఉపాయం చెప్పింది. నూనె అణువులో మూడు కొవ్వు గొలుసులు ఒక గ్లిజరిన్‌కు అతుక్కొని ఉంటాయి. మిథనాల్, కాస్త క్షారం కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ విడిపోయి అడుగుకు దిగుతుంది. పైన తేలే పలుచని ద్రవమే బయోడీజిల్. (మిథనాల్ విషం. ఇంట్లో చేసి చూడకండి.) కానుగ నూనెలో ఆమ్లం ఎక్కువైతే ఈ పని చెడి సబ్బు తయారవుతుంది. కావున ముందుగా ఆ ఆమ్లాన్ని తగ్గించాలి.

నూరు పాళ్ళలో 20 పాళ్ళు బయోడీజిల్, మిగిలినది డీజిల్ అయితే దానిని బి-20 అంటారు. పొగ తగ్గుతుంది. బలం రవ్వంత తగ్గుతుంది. పాత ఇంజనైతే ట్యాంకులో పేరుకొన్న మడ్డి ఊడివచ్చి మొదట్లో ఫిల్టరు పూడుకొంటుంది. రబ్బరు గొట్టాలు ఉబ్బవచ్చు. చలిదేశాలలో గడ్డకట్టే బాధ ఉంది. మీకు ఆ చింత లేదు!

ఇంకొక విశేషం. గాలి చెడకుండా డీజిల్ నుండి గంధకాన్ని తీసివేస్తారు. 2007లో బహ్రెయిన్‌లోనూ అందుకు కొత్త విభాగం నెలకొల్పారు. కాని గంధకంతోబాటు డీజిల్‌లోని సహజమైన జిడ్డు కూడా పోతుంది. దానితో ఇంధనపు పంపు త్వరగా అరుగుతుంది. అందుచేత జిడ్డునిచ్చే మందును కొద్దిగా కలుపుతారు. నూటికి ఒకటి రెండు పాళ్ళ బయోడీజిల్ కూడా ఆ పని చేస్తుంది.

ఆదిలాబాదు అడవుల్లోని పవర్‌గూడ స్త్రీలు కానుగ గింజలు ఏరి నూనె ఆడించారు. దానిని డీజిల్‌కు బదులు వాడితే గాలిలో చేరకుండా ఆగే బొగ్గుపులుసు వాయువు 147 టన్నులని లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది.

చిక్కల్లా గింజలదే. నాలుగు కిలోల గింజలకు నూనె సుమారు ఒక కిలో. నాటిన మొక్క కాపుకు రావడానికి నాలుగైదు ఏండ్లు పడుతుంది. వంటనూనెలు పోద్దామా అంటే భారతదేశం వాటిని బయటినుండి కొంటున్నది. 2018 విధానంలో ప్రభుత్వం 2030 నాటికి డీజిల్‌లో నూటికి 5 పాళ్ళు బయోడీజిల్ కలపాలన్నది. అంత గింజ ఎక్కడ పండించాలన్నదే ఇప్పటి ప్రశ్న.