పాత జీపు కొన్నారా? ముందు స్టీరింగ్ ఆట చూడండి

రెండు మూడు ఎకరాల రైతుకు కొత్త బండి కొనే స్తోమత ఉండదు. ఇద్దరు ముగ్గురు కలిసి పాత మహీంద్రా జీపు కొనుక్కుంటే ఎరువు బస్తాలు, వేరుశనగ కాయలు, కూరగాయలు, రొయ్యల మేత అన్నిటికీ పనికొస్తుంది. ఇసుకలో దిగినా, బురదలో దిగినా ఫోర్ వీల్ వేసుకుని బయటపడుతుంది. అందుకే తుమ్మలపెంట నుంచి మైపాడు దాకా తీరం వెంబడి పాత జీపుకు ఇంకా గిరాకీ ఉంది.

అయితే కొన్న వారం రోజులకే చాలామంది చెప్పే మాట ఒకటుంది. ‘ఇంజను బాగుంది, కానీ బండి నేరుగా పోవడం లేదు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతానే ఉండాలి’ అంటారు. పాత జీపు అంతేలే అని సరిపెట్టుకుంటారు. ఇది సరిపెట్టుకునే విషయం కాదు. మన దారులు ఎలాంటివో మీకు తెలుసు. ఒక పక్క బకింగ్‌హాం కాలువ, ఇంకో పక్క రొయ్యల గుంట, మధ్యలో బండి పట్టేంత గట్టు. వెనక నాట్లకు పోయే ఆడకూలీలు కూర్చుని ఉంటారు. అక్కడ బండి ఒక అడుగు పక్కకు జరిగినా ప్రాణాల మీదికి వస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పక్కన లారీలు. కాబట్టి లోపం ఎక్కడుందో తెలుసుకుని బాగు చేయించాకే బండిని పనిలో పెట్టాలి.

ఇక్కడ చెప్పేది ముందు ఇరుసు ఒకే దూలంగా ఉండి, కమాను కట్టల మీద కూర్చునే జీపుల గురించి. సీజే రకాలు, 1985లో వచ్చిన ఎంఎం 540 ఈ కోవలోవే.

ఎంత ఆట ఉండొచ్చు?

స్టీరింగ్ కొంచెం తిప్పినా చక్రం కదలకుండా ఉండే ఖాళీనే మెకానిక్కులు ‘ఆట’ లేదా ‘ప్లే’ అంటారు. పాత జీపులో కొద్దిపాటి ఆట ఉంటుంది. ఎంత వరకు అనేదానికి చట్టంలోనే లెక్క ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్‌లో ఆట 30 డిగ్రీలకు మించకూడదు. గడియారంలో 12 నుంచి 1 దాకా ఉండే దూరమే 30 డిగ్రీలు. 16 అంగుళాల స్టీరింగ్ చక్రం అంచున కొలిస్తే నాలుగు అంగుళాల పైచిలుకు వస్తుంది. ఇది చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు మాత్రమే. గట్టు మీద నడిచే బండికి అంత ఆట కూడా ఎక్కువే. అంగుళం, అంగుళంన్నర లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. రెండు అంగుళాలు దాటితే వెతకడం మొదలుపెట్టండి.

కొలిచే పద్ధతి సులువు. బండిని చదును నేల మీద, చక్రాలు నేరుగా ఉండేట్టు నిలపండి. ఇంజను ఆపండి. స్టీరింగ్ అంచుకు ఒక దారం ముక్క కట్టి, దాని పక్కన స్కేలు పట్టుకోండి. ఒకరు ముందు చక్రాన్ని చూస్తూ ఉండాలి. ఇంకొకరు స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పాలి. చక్రం కదలడం మొదలయ్యే లోపు దారం ఎంత దూరం జరిగిందో అదే ఆట.

బాక్సు స్క్రూ జోలికి ముందే పోవద్దు

ఆట కనిపించగానే చాలామంది చేసే పని స్టీరింగ్ బాక్సు మీద ఉండే సర్దుబాటు స్క్రూను బిగించడం. పాత బండ్లు అమ్మేవాళ్లలో కొందరు కూడా ఇదే చేస్తారు. బేరం నాటికి ఆట కనపడదు. నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. పైగా లోపలి పళ్లు, బేరింగులు ఒరుసుకుని బాక్సే పాడవుతుంది.

ఇలా బిగించిన బండిని గుర్తుపట్టొచ్చు. మలుపు తిప్పాక స్టీరింగ్ వదులు చేస్తే అది తనంతట తాను మధ్యకు రావాలి. రాకుండా పట్టేసినట్టు ఉంటే అనుమానించండి. ముందు చక్రాలు రెండూ పైకి లేపి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి చూడండి. మధ్యలో వదులుగా ఉండి పక్కలకు పోయేకొద్దీ బిగుసుకుంటుంటే బాక్సు లోపల అరిగిపోయింది. దానికి స్క్రూ మందు కాదు.

కాబట్టి వెతకడం నేల దగ్గర మొదలుపెట్టి పైకి రండి. టైరు, బేరింగు, కింగ్‌పిన్, కడ్డీలు, కమానులు, చివరికి బాక్సు. ఖర్చు లేనివి, తక్కువ ఖర్చువి ముందు వస్తాయి. అవసరం లేని సామాను మార్చే బాధ తప్పుతుంది.

1. టైర్లు, గాలి

ముందు టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. ఒకటి బురద టైరు, ఇంకొకటి మామూలు టైరు అయితే బండి నేరుగా పోదు. ఇసుకలో నడపడానికి గాలి తగ్గించి, తారు రోడ్డు ఎక్కాక మళ్లీ కొట్టించడం మరిచిపోతుంటాం. గాలి తక్కువైన టైరు బండిని ఊగిస్తుంది. రెండు వైపులా సమానంగా కంపెనీ చెప్పినంత గాలి పెట్టించి ఒకసారి నడిపి చూడండి. కొన్నిసార్లు జబ్బు ఇక్కడే తీరిపోతుంది. బరువంతా వెనక చివర వేస్తే ముందు చక్రాలకు నేల పట్టు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

2. చక్రం బేరింగు, కింగ్‌పిన్

ముందు చక్రాన్ని జాకీతో లేపండి. మన ఇసుక నేలలో జాకీ దిగబడుతుంది, కింద వెడల్పు చెక్క వేయండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇరుసు కింద గట్టి దిమ్మ పెట్టకుండా బండి కిందికి దూరవద్దు.

చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. ఆట ఉంటే అది బేరింగుదా, కింగ్‌పిన్‌దా తేల్చుకోవాలి. ఇంకొకరిని బ్రేకు గట్టిగా తొక్కమనండి. అప్పుడు ఆట పోతే లోపం చక్రం బేరింగులో ఉంది. పోకపోతే కింగ్‌పిన్‌లో ఉంది.

బేరింగు ఆటైతే సర్ది, గ్రీజు మార్చితే చాలు. గరగరమంటే మార్చాలి. కింగ్‌పిన్ బేరింగుల బిగువును పలచని రేకు పలకలతో సర్దుతారు, అది తెలిసిన మెకానిక్ పని. చక్రం వెనక గుండులా ఉండే భాగాన్ని గుడ్డతో తుడిచి చూడండి. దాని మీద తుప్పు గుంటలు ఉన్నా, నూనె కారుతున్నా ఉప్పునీళ్లు లోపలికి పోయాయనే అర్థం. కింగ్‌పిన్ బేరింగులు తీసి చూడాల్సిందే.

3. కడ్డీలు, వాటి కీళ్లు

అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతాడు. చక్రాలు నేల మీద ఉండగా, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ చిన్నగా ఊపుతూ ఉండాలి. మీరు పక్కన కూర్చుని ఒక్కో కీలు మీద చేయి వేసి చూడండి. బాక్సు నుంచి కిందికి దిగే డ్రాప్ ఆర్మ్, దానికి తగిలించిన డ్రాగ్ లింక్, రెండు చక్రాలను కలిపే టైరాడ్, దాని రెండు చివర్లు. కొన్ని పాత మోడళ్లలో బెల్ క్రాంక్ అనే తిరుగుడు ముక్క కూడా ఉంటుంది. దాని పిన్నూ బుష్షూ అరగడం పాత జీపుల్లో బాగా చూసే జబ్బు.

కీలుకు ఒక వైపు కదిలి, రెండో వైపు వెంటనే కదలకపోతే ఆ కీలు అరిగింది. ‘టక్ టక్’ అని చేతికి తగులుతుంది. ఆ టైరాడ్ ఎండ్ మార్చేయాలి. ఒక్కో కీలులో కొంచెం కొంచెంగా ఉన్న ఆట అంతా కలిసి స్టీరింగ్ దగ్గర మూడు నాలుగు అంగుళాలు అవుతుంది.

కీళ్ల మీద రబ్బరు టోపీలు ఉండాలి, నట్లకు స్ప్లిట్ పిన్నులు ఉండాలి. కీళ్లకు రబ్బరు టోపీలు ఉండాలనీ, బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ చేసి ఉండాలనీ 98వ నిబంధన చెబుతుంది. పిన్ను బదులు కట్టు తీగ చుట్టి ఉంటే వెంటనే పిన్ను వేయించండి. డ్రాగ్ లింక్, డ్రాప్ ఆర్మ్ వెల్డింగ్ చేసి ఉంటే మారు మాట లేకుండా మార్చండి. అది విరిగితే స్టీరింగ్ చేతిలో తిరుగుతుంది, చక్రం తిరగదు.

4. కమాను కట్టలు, యు బోల్టులు

ఇరుసును కమానుకు కట్టేది యు బోల్టులు. అవి వదులైనా, కమాను మధ్య బోల్టు తెగినా ఇరుసే జరుగుతుంది. స్టీరింగ్ ఎంత బాగున్నా బండి పక్కకు పోతుంది. షాకిల్ బుష్షులు అరిగాయేమో గడ్డపారతో మెల్లగా ఎత్తి చూడండి.

సైకిలు హ్యాండిల్ వదిలినా కొంత దూరం నేరుగా పోతుంది. ముందు ఫోర్కు వాలుగా ఉండడం అందుకు ఒక కారణం. జీపులో కూడా కింగ్‌పిన్ పై భాగం కాస్త వెనక్కి వాలి ఉండాలి. కమాను కుంగినా, దాని కింద పెట్టే ఏటవాలు ముక్కను తిరగేసి బిగించినా ఆ వాలు పోతుంది. అప్పుడు ఏ కీలులోనూ ఆట లేకపోయినా బండి తేలిపోయినట్టు పోతుంది. కమాను పని చేయించిన తర్వాత ఈ జబ్బు మొదలైతే ఆ ముక్కనే ముందు చూడమనండి.

5. స్టీరింగ్ బాక్సు, ఛాసిస్

బాక్సు లోపలికి పోకముందు దాన్ని ఛాసిస్‌కు బిగించిన బోల్టులు చూడండి. స్టీరింగ్ ఊపేటప్పుడు బాక్సు మొత్తం కదులుతుంటే లోపం బాక్సుది కాదు, బోల్టులదో ఛాసిస్‌దో. మన గాలిలో ఉప్పు ఉంది. బాక్సు దగ్గర ఛాసిస్ పొరలు పొరలుగా తుప్పు పట్టి పగులు ఇవ్వొచ్చు. రంగు కొత్తగా వేసి ఉన్నా మోసపోవద్దు, చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము కంగుమంటుంది, తిన్న ఇనుము డప్పగా పలుకుతుంది.

ఇవన్నీ బాగున్నాయని తేలాక, బాక్సులో నూనె ఉందో లేదో చూసి, అప్పుడు మాత్రమే మెకానిక్ చేత స్క్రూ సర్దించండి. చక్రాలు నేరుగా ఉన్నప్పుడే సర్దాలి. తర్వాత రెండు చివర్ల దాకా తిప్పితే ఎక్కడా పట్టకూడదు.

6. చివరగా చక్రాల సూటి

ముందు చక్రాలు ముందు వైపు వెంట్రుకవాసి లోపలికి చూస్తుండాలి. బయటికి చూస్తే బండి తిన్నగా పోదు, టైర్లు కూడా త్వరగా అరుగుతాయి. చక్రాలను లేపి తిప్పుతూ టైరు మధ్యలో సుద్దతో గీత గీయండి. దించి, బండిని కొంచెం ముందుకు తోయండి. ఇరుసు ఎత్తులో రెండు గీతల మధ్య దూరం ముందు వైపు, వెనక వైపు కొలవండి. పాత జీపులకు ముందు కొలత వెనకదాని కంటే సుమారు 1 నుంచి 2.5 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. మీ మోడల్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. కీళ్లలో ఆట తీయకముందు ఈ సూటి పెట్టిస్తే డబ్బు దండగ.

లక్షణాన్ని బట్టి గుర్తుపట్టండి

బండి ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటే ఆ వైపు టైరు గాలి, పట్టేసిన బ్రేకు చూడండి. రెండు వైపులా తిరుగుతుంటే కీళ్లు, వాలు, సూటి చూడండి. గుంటలో పడగానే స్టీరింగ్ చేతిలో గడగడ కొట్టుకుంటే కింగ్‌పిన్ బేరింగులు వదులై ఉండొచ్చు. అలా కొట్టుకున్నప్పుడు గబుక్కున తిప్పవద్దు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని వేగం మెల్లగా తగ్గించి బండి ఆపండి.

కొనే ముందు

బేరం కుదరక ముందే ఈ పరీక్షలు చేయండి. అరగంట పడుతుంది. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు. బాగు చేయించడానికి ఎంతవుతుందో మెకానిక్‌ను అడిగి అంత ధర తగ్గించమనండి. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. స్టీరింగ్ బాగాలేని బండి తనిఖీలో నిలబడదు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు మీ పేరున మారాకే బండిని రోడ్డెక్కించండి.

కొన్న తర్వాత

ఉప్పునీళ్లలో దిగిన రోజు సాయంత్రమే మంచినీళ్లతో అడుగు భాగం కడగండి. గ్రీజు నిపిళ్లన్నిటికీ పాత గ్రీజు, నీళ్లు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టించండి. వారానికి ఒకసారి స్టీరింగ్ ఆట కొలిచి, గోడ మీద బొగ్గుతో రాసుకోండి. అంకె పెరుగుతుంటే కారణం వెతకాలి. బాగు చేయించిన బండిని మొదట ఖాళీ రోడ్డు మీద 20, 30 కిలోమీటర్ల వేగంతో నడిపి చూడండి. అక్కడ నేరుగా పోయిన తర్వాతే గట్టు మీదికి తీసుకుపోండి, మనుషులను ఎక్కించండి.