ప్రథమ ముద్రణ ప్రతులు

ఒక గ్రంథము తొలిసారి అచ్చయినప్పటి ప్రతులను ప్రథమ ముద్రణ ప్రతులందురు. ఆధునిక కవుల గ్రంథములలో నిట్టివానిని వెదకి కూర్చుట కొందఱకు వ్యసనము. దుర్వ్యసనము కాదనియే మా తలంపు. కవిత్వము లోకమునకు మొదట నందిన రూపమది గదా!

రవీంద్రనాథ ఠాకూరుగారి ఆంగ్ల గీతాంజలిని చూడుడు. లండనులోని ఇండియా సొసైటీవారు 1912లో 750 ప్రతులు మాత్రమే అచ్చొత్తించిరి. అందు విక్రయమునకు విడిచినవి 250. మఱుసటి యేడు మార్చిలో మాక్మిలన్ కంపెనీవారు దానిని మరల ప్రచురించిరి. ఆ నవంబరులో నోబెల్ బహుమానము రాగా ప్రతులు విస్తారముగా వెలువడెను. కావున 1913 అను అంకె కనబడినంతనే ప్రథమ ముద్రణము దొరకెనని సంతసింపరాదు. ముఖపత్రము వెనుకవైపు చదువవలెను. పునర్ముద్రణముల జాడ తెలియునది అచ్చటనే.

ఆ పత్రమే పోయినచో? మేమొకప్పుడు శిథిలమైన యొక ఖండకావ్య సంపుటమును బైండు చేయ నిచ్చితిమి. బైండరు అంచులు కోసి, పాత అట్టయు ముఖపత్రమును పాఱవైచి, మెఱయు క్రొత్త అట్ట వేసి తెచ్చెను. అది యే సంవత్సరపు ముద్రణమో నేటికిని చెప్పజాలము. అతనిపై మాకు కోపము లేదు. ఆ కాగితములను ఉంచుమని మేము చెప్పనే లేదు.