మనవారి నేరమును దాచుట ప్రేమయేనా?

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 13, లేవీయకాండము 5:1, అపొస్తలుల కార్యములు 5:1-11, ఫిలేమోను పత్రిక



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని మన పల్లెలకు పగలును పార్టీలును క్రొత్తవి కావు. ఒకనిని నరికినవాడు అర్ధరాత్రి ఇల్లు చేరును. తల్లి అతని చొక్కా ఉతుకును. అన్న కొడవలిని బావిలో పడవేయును. భార్య, "ఆయన రాత్రంతయు ఇంటనే యున్నాడు" అని చెప్పును. తెల్లవారునప్పటికి ఇల్లంతయు ఒక్క మాటమీద నిలుచును. దీనికి మనము కుటుంబ ప్రేమయని పేరు పెట్టుచున్నాము. దేవుని వాక్యము దీనికి ఏ పేరు పెట్టునో ఈ నెల ధ్యానింతము.

1. దావీదు ఇంట జరిగినది

అమ్నోను తన చెల్లెలైన తామారును చెరిపెను. దావీదు మిక్కిలి కోపపడెను గాని, కుమారుని శిక్షించెననియు కుమార్తెకు న్యాయము తీర్చెననియు ఎక్కడను వ్రాయబడలేదు. అన్నయైన అబ్షాలోము ఊరకుండుమని చెప్పినది ఎవరితో? దోషితో కాదు, దెబ్బతిన్న చెల్లెలితోనే! రెండేండ్లు ఆ ఇల్లు పైకి నిమ్మళముగానే కనబడెను. పిమ్మట అబ్షాలోము అమ్నోనును చంపించి గెషూరునకు పారిపోయెను. కొంతకాలమునకు అతడును తండ్రిమీద తిరుగబడి యుద్ధములో చచ్చెను. ఒక కుమారుని దోషము ఎదుట ఊరకున్న తండ్రి ఇద్దరు కుమారులను పోగొట్టుకొనెను. దాచిన పాపము ఇంటిలోనే ఉండి పెరుగును.

2. తెలిసినవాని మౌనము

తాను చూచినది గాని తెలిసికొన్నది గాని చెప్పని సాక్షి, తన దోషమును తానే భరించునని లేవీయకాండము 5:1 బోధించుచున్నది. ఇందులో బంధువులకు మినహాయింపు లేదు. అననీయ చేసినది సప్పీరాకు తెలియును. పేతురు ఆమెను వేరుగా అడిగి, నిజము చెప్పుటకు ఆమెకొక అవకాశమిచ్చెను. ఆమె భర్త మాటనే చెప్పెను. దేవుని యెదుట భార్య మనస్సాక్షి భార్యదే, భర్త మనస్సాక్షి భర్తదే.

3. దేశపు చట్టము

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. నేరస్థుని దాచినవారిని శిక్షించు 249వ సెక్షను, భార్యకు గాని భర్తకు గాని వర్తింపదు. చట్టమును కూడ ఆ బంధమును కొంతవరకు మన్నించినది. అయితే తల్లిదండ్రులకును తోబుట్టువులకును ఆ మినహాయింపు లేదు. సాక్ష్యమును మాయముచేయుటను గూర్చిన 238వ సెక్షనులో భార్యాభర్తలకు సయితము మినహాయింపు లేదు. హత్య విషయములో దీనికి ఏడేండ్లవరకు శిక్ష కలదు. కాబట్టి కొడుకును కాపాడుదమని చొక్కా ఉతికిన తల్లి తానును నేరములో పాలుపొందుచున్నది.

4. పులివెందులలోని సంగతి

మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలోని స్వగృహమున మృతుడై కనబడెను. మొదట గుండెపోటని వార్త వచ్చెను. పిమ్మట అది హత్యయని తేలెను. ఆయన భార్యయు, కుమార్తె డాక్టరు సునీతయు ఊరకుండక హైకోర్టుకు వెళ్లిరి. 2020 మార్చి 11న హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చెను. ఆరోపణలు బంధువులలో కొందరిమీదికిని వచ్చినవి. వారు వాటిని కాదనిరి. దోషి ఎవరో తేల్చవలసినది న్యాయస్థానమే. ఆ తీర్పు మాది కాదు. అయితే తండ్రి మరణమును గూర్చిన నిజమును అడుగుట ఒక కుమార్తెకు ఎంత కష్టమో మనము చూడవచ్చును. చుట్టరికములు చీలిపోవును. ఎరిగినవారే ముఖము త్రిప్పుకొందురు. మనము దాచిపెట్టిన ప్రతి నేరము వెనుక ఇట్టి ఒక కుమార్తె, ఒక విధవరాలు ఎక్కడనో ఎదురుచూచుచున్నది. ఆ ఇల్లును మన పొరుగిల్లే.

5. మరి ఏమి చేయవలెను?

"నా బిడ్డను నా చేతులతోనే పట్టించుదునా?" అని తల్లి యేడ్చును. ఆ యేడ్పును మేము తేలికగా ఎంచము. అయితే పౌలు ఒనేసిమును ఎట్లు చూచెనో గమనించుడి. తన కుమారుడని పిలిచెను, అయినను దాచుకొనలేదు. తిరిగి పంపెను, అయినను ఒంటరిగా విడువలేదు. అతని బాకీ తన లెక్కలో వ్రాయుమని తన చేతితోనే వ్రాసి ఇచ్చెను. ప్రేమ మార్గమిదే: దాచక, విడువక, వెంట నడచుట.

కావున బట్టలు ఉతుకకుడి, ఆయుధము ముట్టకుడి, అబద్ధ సాక్ష్యము పలుకకుడి. కాపరినో పెద్దనో పిలిచి, వకీలును కలిసికొని, వానితో కూడ స్టేషనుకు వెళ్లుడి. వకీలును పెట్టుకొను శక్తి లేనియెడల జిల్లా న్యాయ సేవాధికార సంస్థవారు ఉచితముగా ఏర్పాటు చేయుదురు. మీకు తెలిసినది మాత్రమే చెప్పుడి; ఊరి పుకారును సాక్ష్యముగా చేయకుడి. వాడు జైలులో నుండగా వెళ్లి చూడుడి. దెబ్బతిన్న ఇంటివారిని మరువకుడి.

ఇంటి ప్రార్థనలో ఆలోచించుటకు

1. దావీదు మొదటి దినముననే న్యాయము తీర్చియుండినయెడల ఎవరెవరు బ్రదికియుందురు?
2. మన ఇంట ఎవరినైనను "ఊరకుండుము" అని చెప్పియున్నామా? ఆ మాట దోషితో చెప్పితిమా, దెబ్బతిన్నవారితోనా?
3. మన సంఘములో జైలునకు వెళ్లినవాని కుటుంబమును ఎవరు పలుకరించుచున్నారు?

సత్యమును పలుకుటకు ధైర్యమును, పడిపోయినవాని చెయ్యి విడువకుండుటకు ప్రేమను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.