సంఘపు వార్తను పత్రికకు వ్రాయు విధము

సహకార సంఘముల కార్యదర్శులు పత్రికలకు బంపు ప్రకటనలను అప్పుడప్పుడు మాకు జూపి దిద్దించుకొనుచుందురు. వానిలో మాకు దరచుగా గనబడు దోషమొక్కటే: రైతునకు గావలసిన మాట కడపట నుండును.

కొన్ని యేండ్ల క్రిందట సముద్రతీర గ్రామమందలి యొక సంఘమువారు వరి విత్తనముల యమ్మకమును గూర్చి ప్రకటన వ్రాసి తెచ్చిరి. సగము వరకు అధ్యక్షులవారి సేవాతత్పరత వర్ణింపబడెను. పిమ్మట వేదిక నలంకరించువారి పేళ్లు. తేదీయు, స్థలమును, ధరయు తుది రెండు పంక్తులలో నుండెను. మేము చదివి, అధ్యక్షులవారి కోపమునకు వెఱచి, "బాగున్నది" అంటిమి. అది మా తప్పు. చోటు చాలనపుడు పత్రికలవారు వార్తను తుదినుండి కత్తిరింతురు. ఇచ్చటను అట్లే జరిగెను. స్తోత్రము నిలిచెను, తేదీ పోయెను. మన నెల్లూరు సీమలో ఈశాన్య ఋతుపవనమును నమ్మి అక్టోబరు, నవంబరు మాసములలో నారు పోయుదుము గదా! దూరపు పల్లెలవారు అమ్మకము ముగిసిన వారమునకు ట్రాక్టర్లు గట్టుకొని వచ్చి, ఖాళీ గోదామును జూచి మరలిరి. అదను దాటిపోవునను భయముచే కొందరు అంగడిలో దొరికిన విత్తనమునే చల్లిరి.

కావున మొదటి వాక్యమిట్లుండవలెను: "ఫలాని గ్రామ సహకార సంఘపు గోదాములో అక్టోబరు 6వ తేదీ సోమవారము ఉదయము 8 గంటలు మొదలు నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449) వరి విత్తనములు సభ్యులకు అమ్మబడును. బస్తా 25 కిలోలు, ధర యింత." ఆ రకము నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొందినదని రెండవ వాక్యమున జెప్పవచ్చును. ఆ స్థానము 1937లో నెలకొన్నదను చరిత్ర మూడవ వాక్యమునకు జాలును. స్తోత్రము తుదనుండిన, కత్తెర పడినను నష్టము లేదు.

తేదీకి వారము సరిపోయినదా యని పంచాంగము జూచుకొనుడు. కార్యదర్శి ఫోను సంఖ్యను దప్పక వ్రాయుడు. వారపత్రికకు ఒక దినము ఆలస్యమైన ఒక వారము పోయినట్లే. వెంకటగిరి జమీందారీ రైతుల యాందోళనలోనుండి వెలసిన "జమీన్ రైతు" మన నెల్లూరి వారపత్రికయే. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చుటకు ముందే ఇచ్చటి రైతులు పత్రిక విలువ నెఱింగిరి.

వెల యిచ్చి వేయించు ప్రకటనలో మన సరకును మనము పొగడుకొనవచ్చును. వార్తలో నట్లు కాదు. "జిల్లాలో నుత్తమ విత్తనము" అని వ్రాసిన విలేఖరి నవ్వును. పరీక్షించిన మొలక శాతమును వ్రాయుడు. ధ్రువీకృత వరి విత్తనమునకు అది 80కి దగ్గరాదు.

తగ్గినచో నేమి చేయవలెను? పై సంఘమునకే మఱుసటి యేట నా చిక్కు వచ్చెను. అమ్మిన తరువాత ఒక లాటు మొలక తక్కువని తేలినది. పేరు చెడునని కొందఱు సభ్యులు రెండు దినములు వాదించిరి. తుదకు మేమును కార్యదర్శియు గూర్చుండి మూడు పంక్తులు వ్రాసితిమి: లాటు సంఖ్య, ఆ విత్తనమును నారు పోయవలదనుట, బస్తా తెచ్చినవారికి సొమ్ము తిరిగి యిచ్చు దినము. అధ్యక్షులవారి పేరు అందు లేదు. పత్రికలో నది ఒక్క యక్షరమును పోకుండ పడెను. నాలుగవనాటికి బస్తాలు గోదాముకు మరలివచ్చుట మొదలిడెను.