చివరి పేజీ ముందు చూసేవాడు

అనంతపురంలో ఉద్యోగం చేసి, కొడుకు దగ్గర ఉందామని మెల్‌బోర్న్ వచ్చినవాణ్ణి. పడమటి శివార్లలో మనవాళ్లకు కొదవలేదు గానీ, పగటిపూట ఇళ్లల్లో మిగిలేది మాలాంటి పెద్దవాళ్లమే. కౌన్సిల్ లైబ్రరీయే నన్ను ఆదుకుంది. సస్పెన్స్ నవలలు, ఆత్మకథలు తప్ప వేరే పుస్తకం ముట్టుకోను. వింటావన్న నమ్మకంతో నాలుగు మాటలు చెబుతాను నాయనా.

1. ముగింపు కోసం తొందరపడితే కథ చేజారిపోతుంది.

'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చేటప్పుడు గత్యంతరం లేక వారం ఆగేవాళ్లం. అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల తెచ్చుకుంటే మాత్రం నాకు ఆగడం చేతకాదు. ముందు చివరి పేజీ, ఆ తర్వాతే మొదటిది. హంతకుడెవరో తెలిసిపోయాక డిటెక్టివ్ యుగంధర్ ఎంత తెలివిగా ప్రశ్నలడిగినా ఆవులింతలే. ఆ పాడలవాటు ఇక్కడికొచ్చాకే వదిలింది. జోన్ లిండ్సే 1967లో 'పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్' రాసింది. 1900లో వాలెంటైన్స్ డే నాడు కొండకు విహారానికి వెళ్లిన బోర్డింగ్ స్కూలు ఆడపిల్లల్లో కొందరు మాయమవుతారు. ఏమయ్యారో నవల చెప్పదు. నిజానికి ఆవిడ రాసే ఉంచింది. ప్రచురణకర్తల సలహా మీద ఆ ఆఖరి అధ్యాయం తీసేశారు. ఆవిడ పోయాక, 1987లో, అది విడిగా అచ్చయింది. ఎక్కడుందో వెతికి మరీ తెప్పించుకుని చదివాను. చదవకపోయినా బాగుండేది. అంతకాలం నన్ను వదలని ఆ కొండ, మర్నాటి నుంచి ఉత్త కొండ అయిపోయింది.

2. నేరం ఒక్కడిది, అనుమానం ఊరందరిది.

జేన్ హార్పర్ 'ది డ్రై' 2016లో వచ్చింది. ఆరన్ ఫాక్ అనే పోలీసు అధికారి చిన్ననాటి స్నేహితుడి అంత్యక్రియలకు సొంతూరు వెళతాడు. ఒకప్పుడు ఓ అమ్మాయి ఏట్లో మునిగి చనిపోతే, ఊరి అనుమానం తట్టుకోలేక తండ్రీకొడుకులు వెళ్లిపోయిన ఊరు అది. ఇప్పుడక్కడ కరువు. ఒకచోట ఫాక్ ఆ ఏటి దగ్గరికి వెళతాడు. చూస్తే ఏరే లేదు, ఎండిన పడక మాత్రం ఉంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. పెన్నలో ఇసుక మీద చెప్పుల్లేకుండా నడిచి అవతలి గట్టుకు పోయినవాడికి ఆ పేజీ ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్లు పోయిన ఊళ్లో మాట కరుకెక్కుతుంది, పాత కక్షలు పైకి తేలతాయి. హంతకుడెవరో ఇప్పుడు అడిగితే ఆలోచించి చెప్పాలి. ఆ ఏరు మాత్రం అడగకుండానే గుర్తొస్తుంది.

3. రాసినవాడికే తన రాత విలువ ఆలస్యంగా తెలుస్తుంది.

ఫెర్గస్ హ్యూమ్ 1886లో ఇదే ఊళ్లో 'ది మిస్టరీ ఆఫ్ ఎ హ్యాన్సమ్ క్యాబ్' సొంత ఖర్చుతో వేసుకున్నాడు. షెర్లాక్ హోమ్స్ ఇంకా అచ్చులోకి రాలేదప్పటికి. హక్కులు 50 పౌండ్లకు అమ్మేసుకున్నాడు. తర్వాత ఆ నవల లక్షల్లో అమ్ముడుపోయింది. ఈ ఊరి కాలిన్స్ స్ట్రీట్‌లో ట్రామ్ ఎక్కినప్పుడల్లా అతను గుర్తొచ్చి, పాపం, అనుకుంటాను.

4. జ్ఞాపకం సాక్ష్యం కాదు, అలాగని అబద్ధమూ కాదు.

ఆల్బర్ట్ ఫేసీ బడి ముఖం చూడలేదు. పదేళ్లయినా నిండకముందే కూలికి పోయాడు, చదవడం రాయడం తనే నేర్చుకున్నాడు, గల్లిపోలీ యుద్ధంలో పోరాడాడు. 1981లో ఆత్మకథ వచ్చింది, మరుసటి ఏడే కన్నుమూశాడు. ఇంత కష్టానికి అతను పెట్టుకున్న పేరు 'ఎ ఫార్చునేట్ లైఫ్'! యుద్ధం గురించి అతను రాసినవి సైనిక రికార్డులతో కొన్నిచోట్ల పొసగడం లేదని చరిత్రకారులు తేల్చారు. పొసగకపోతే పోనీ. మన శ్రీశ్రీ 'అనంతం'ని ఆత్మచరిత్రాత్మక నవల అని ముందే చెప్పి తప్పించుకోలేదూ?

5. ఆత్మకథ మనకు జవాబు బాకీ లేదు.

సస్పెన్స్ రచయిత దాచేది మన కోసం. చివర్లో విప్పి తీరాలి. సొంత బతుకు చెప్పుకునేవాళ్లు దాచేది తమ కోసం. శాలీ మోర్గాన్ 'మై ప్లేస్' (1987) చదివేదాకా ఈ తేడా నా బుర్రకెక్కలేదు. పెర్త్‌లో పెరిగిన ఆ పిల్లకు, బడిలో ఎవరైనా అడిగితే మనం ఇండియా వాళ్లమని చెప్పమంది తల్లి. నిజానికి వాళ్లు ఆదివాసులు. ఆదివాసుల పిల్లల్ని సర్కారే లాక్కుపోయిన దేశంలో, ఆ ఇంటికి మన దేశం పేరు చాటు అయింది. ఆ వాక్యం చదివి ఓ ఇండియావాడిగా ఏమనుకోవాలో తోచలేదు. శాలీ పట్టు వదలకుండా అడిగింది. అమ్మమ్మ డైసీ కొంత చెప్పింది, కొన్ని తనతోనే పోతాయంది. శాలీ వాటిని పోనిచ్చింది.

నేను మా నాన్నను పోనివ్వలేదు. పొలం ఎందుకు అమ్మారు, చిన్నాన్నతో మాటలు ఎందుకు మానేశారు అని యుగంధర్‌లా కూర్చోబెట్టి అడిగాను. "ఎందుకులేరా అవన్నీ" అన్నాడు. మళ్లీ అడిగాను. ఆ తర్వాత పొలం ఊసే కాదు, తన చిన్నప్పటి ఈతల గురించి, జాతరల గురించి కూడా చెప్పడం మానేశాడు.

ఇప్పుడు మా మనవరాలు స్కూల్ ప్రాజెక్టుకని నా ముందు ఫోన్ పెట్టి, "తాతయ్యా, చెప్పు" అంటుంది. అన్నిటికీ చెప్పాను. ఒక ప్రశ్న దగ్గర మాత్రం రికార్డింగ్ ఆపమన్నాను. ఏ ప్రశ్నో ఇక్కడ రాయను.